ముద్రించే పాలిమర్ సౌర ఘటాలు: ఏ పూత పద్ధతి, ఏ ద్రావణి, ఏ ఎలక్ట్రోడ్ ఎంచుకోవాలి?

2001లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో పనిచేస్తున్న ఒక పరిశోధక బృందం చూడటానికి చాలా చిన్నదిగా కనిపించే మార్పు ఒకటి చేసింది. పాలిమర్ అదే, దానితో కలిపిన ఫులరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువు) అదే, పొరల అమరిక అదే. ద్రావణి మాత్రమే మారింది. ఆ మిశ్రమాన్ని టోలీన్‌లో కరిగించి పూసినప్పుడు కాంతిని విద్యుత్తుగా మార్చే దక్షత సుమారు 0.9 శాతం ఉండగా, క్లోరోబెంజీన్‌లో కరిగించి పూసేసరికి అది 2.5 శాతానికి చేరింది. టోలీన్ ఆరిపోయేలోపు ఫులరీన్ పెద్ద ముద్దలుగా విడిపోయింది. క్లోరోబెంజీన్‌లో అది పాలిమర్‌తో సన్నగా కలిసి ఉండిపోయింది. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ రంగంలో తయారీ పద్ధతిని ఎందుకు అంత జాగ్రత్తగా ఎంచుకోవాలో ఆ ఒక్క ప్రయోగం చెబుతుంది. సిలికాన్ ఘటానికి పదార్థం ముందుగా తయారవుతుంది, తరువాత దానిని ఘటంగా మలుస్తారు. పాలిమర్ ఘటంలో ఆ రెండు పనులూ తడి పొర ఆరే కొద్ది సెకన్లలోనే కలిసి జరిగిపోతాయి. అందువల్ల పూత యంత్రాన్ని ఎంచుకునేవారు, తెలిసో తెలియకో, పదార్థపు లోపలి నిర్మాణాన్ని కూడా ఎంచుకుంటున్నట్లే. గాజు పలక మీద చక్కగా పనిచేసిన ఘటాన్ని ప్లాస్టిక్ చుట్ట మీదికి, అంటే రోల్-టు-రోల్ తయారీకి, తీసుకువెళ్లాలనుకునే విద్యార్థులు, ఇంజనీర్లు, చిన్న సంస్థలవారు ఎదుర్కొనే ఎంపికలను ఒక్కొక్కటిగా పోల్చి చూడటం ఈ వ్యాసం పని. మొదటే నా పక్షపాతం చెప్పేస్తాను: పత్రికల్లో ప్రకటించిన అత్యధిక దక్షత కంటే, చిన్న చిన్న తప్పులను తట్టుకునే గుణానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ముందుగా అడగవలసిన ప్రశ్న

పాలిమర్ మీద కాంతి పడినప్పుడు వెంటనే స్వేచ్ఛా ఎలక్ట్రాన్ పుట్టదు. ఎలక్ట్రాన్, అది వదిలిన ధన ఆవేశపు ఖాళీ కలిసి ఉండే ఎక్సిటాన్ అనే జంట పుడుతుంది. అది తన ఆయుష్షులో సుమారు 10 నానోమీటర్ల దూరం మాత్రమే ప్రయాణించగలదు. ఆ దూరంలోపు ఎలక్ట్రాన్‌ను లాక్కునే రెండో పదార్థం తగలకపోతే శక్తి వృథా అవుతుంది. అందుకే 1995 నుంచి ఎలక్ట్రాన్ ఇచ్చే దాత పాలిమర్‌ను, దానిని పుచ్చుకునే గ్రహీత అణువును ఒకే ద్రావణంలో కలిపి, ఒకదానిలో ఒకటి అల్లుకుపోయేలా పూస్తున్నారు. ఈ పదార్థాలు కాంతిని బలంగా పీల్చుకుంటాయి కాబట్టి సుమారు 100 నానోమీటర్ల మందం ఉన్న పొర చాలు. ప్రయోగశాలలో నమోదైన మంచి ఫలితాలలో ఎక్కువ భాగం ఆ మందం దగ్గరే వచ్చాయి.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. కదులుతున్న ప్లాస్టిక్ మీద, అడుగు వెడల్పున, గంటల తరబడి 100 నానోమీటర్ల పొరను పది శాతం తేడా లోపల నిలబెట్టడం కష్టం. ప్లాస్టిక్ ఉపరితలం మీద ఉన్న ఒక గరుకు మొన, ఒక ధూళి రేణువు, అంతకుముందు పొరలోని ఒక గడ్డ, వీటిలో ఏదైనా అంత పలుచని పొరను చీల్చుకుని పై ఎలక్ట్రోడ్‌ను తాకి షార్ట్ కలిగించగలదు. అదే పొర 300 నానోమీటర్లు ఉంటే వాటిలో చాలావరకు మునిగిపోతాయి. కాని పాలిమర్లలో ఆవేశాల కదలిక నెమ్మది కాబట్టి, పొర మందమయ్యే కొద్దీ అవి ఎలక్ట్రోడ్లను చేరకముందే తిరిగి కలిసిపోయి నష్టపోతాయి.

కాబట్టి ఏ పదార్థాల జంటను పోల్చుతున్నా మొదట అడగవలసిన ప్రశ్న ఇది: మందం 300 నానోమీటర్లకు పెరిగినప్పుడు దక్షతలో ఎంత భాగం మిగులుతుంది? 100 దగ్గర గొప్పగా ఉండి 300 దగ్గర సగానికి పడిపోయే జంట కంటే, మొదట్లో కొంత తక్కువైనా ఆ మధ్యంతా దాదాపు సమంగా నిలిచే జంటే చుట్ట మీద ఎక్కువ విద్యుత్తు ఇస్తుంది.

పూత పద్ధతులు

స్పిన్ కోటింగ్‌ను అందరూ ఎరుగుదురు. పలకను నిమిషానికి వేల సార్లు తిప్పుతూ ద్రావణం పోస్తే పలుచని, సమమైన పొర మిగులుతుంది; పోసిన ద్రావణంలో తొంభై శాతానికి పైగా అంచుల నుంచి ఎగిరిపోతుంది. వృథా ఒక లోపమైతే, అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. తిరిగే పలక మీద పొర ఆరే తీరుకూ, చుట్ట మీద ఆరే తీరుకూ పోలిక లేదు. స్పిన్ కోటింగ్‌లో వెతికి పట్టుకున్న ఉత్తమ గాఢత, ఉత్తమ సంకలితం, ఉత్తమ ఉష్ణోగ్రత చాలాసార్లు చుట్ట దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోతాయి. కొత్త పదార్థం బతికి ఉందా లేదా అని చూడటానికి తప్ప దీని మీద ఎక్కువ కాలం గడపకూడదని నా సలహా.

దాని స్థానంలో బల్ల మీద ఉండవలసినది బ్లేడ్ కోటింగ్ పరికరం. కొన్ని పదుల మైక్రోలీటర్ల ద్రావణాన్ని బ్లేడ్ అంచు కింద ఉంచి, వేడిచేసిన పలక మీద లాగితే పొర ఏర్పడుతుంది. ఇక్కడ ద్రవపు అంచు ప్రవర్తన, ఆరే వేగం, పలక వేడి ప్రభావం చుట్ట మీద వాడే స్లాట్-డైలో (దాని గురించి కింద చెబుతాను) ఉన్నట్లే ఉంటాయి కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది పైకి తీసుకుపోవచ్చు. అయితే ఇందులో పొర మందాన్ని నేరుగా నిర్ణయించలేము. అది వేగం, స్నిగ్ధత, తలతన్యత కలిసి నిర్ణయిస్తాయి. సాధారణ వేగాల్లో తడి పొర మందం వేగపు 2/3 ఘాతానికి అనులోమంగా పెరుగుతుంది, అంటే వేగాన్ని రెట్టింపు చేస్తే పొర సుమారు 1.6 రెట్లు అవుతుంది. వేగంగా లాగితే పొర పలుచబడుతుందని అనుకునే కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది. మరీ నెమ్మదిగా లాగినప్పుడు మాత్రం ద్రవం అంచు దగ్గరే ఆరిపోతూ, వేగం తగ్గే కొద్దీ పొర మందమవుతుంది. బ్లేడ్ ముందుకు సాగే కొద్దీ దాని కింద ద్రవం తరిగిపోతుంది కాబట్టి పలక మొదటి చివర, రెండో చివర ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి.

స్లాట్-డై విషయం వేరు. సన్నని చీలిక గల లోహపు తల నుంచి పంపు ద్వారా ద్రావణం బయటికి వస్తుంది. వచ్చినదంతా ప్లాస్టిక్ మీదికే చేరుతుంది. తడి పొర మందం అంటే పంపు ప్రవాహాన్ని, పూత వెడల్పు, చుట్ట వేగాల లబ్ధంతో భాగించగా వచ్చేది మాత్రమే. ఉదాహరణకు నిమిషానికి 2 మిల్లీలీటర్లు పంపుతూ, 10 సెంటీమీటర్ల వెడల్పున, నిమిషానికి 1 మీటరు వేగంతో నడిపితే తడి పొర 20 మైక్రోమీటర్లు వస్తుంది. ద్రావణంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ఘన పదార్థం ఉండి, దాని సాంద్రత 1.2 అనుకుంటే ఆరిన పొర సుమారు 167 నానోమీటర్లు. ఒక చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల ద్రావణం, అందులో 200 మిల్లీగ్రాముల పదార్థం సరిపోతాయి. ఇలా కాగితం మీద లెక్క వేసి, పంపు మీటను తిప్పి, ఆ మందాన్నే పొందగలగడం ఈ పద్ధతికి ఉన్న అసలు బలం. పంపు వేగాన్ని క్రమంగా మారుస్తూ ఒకే చుట్ట మీద పదుల మందాలను వరుసగా పూసి పరీక్షించవచ్చు.

స్లాట్-డైకి పరిమితులు లేకపోలేదు. ప్రతి వేగానికీ ఒక కనిష్ఠ తడి మందం ఉంటుంది. అంతకన్నా తక్కువ పంపితే ద్రవపు అంచు తెగి, పూతలో నిలువు గీతలు పడతాయి. అంచులు మధ్య భాగం కంటే మందంగా వస్తాయి. పూతను మొదలుపెట్టిన చోట, ఆపిన చోట కొంత పొడవు పారవేయక తప్పదు. గొట్టాల్లో, తల లోపల ఎప్పుడూ కొన్ని మిల్లీలీటర్లు నిలిచి ఉంటాయి కాబట్టి గ్రాములో పదో వంతు మాత్రమే తయారైన కొత్త పాలిమర్‌ను దీనిలో పరీక్షించడం దుబారా. పైగా ఇది చుట్ట నడిచే దిశలో పట్టీలు మాత్రమే పూయగలదు. అడ్డంగా ఆకారాలు గీయలేదు.

ఆకారాలు కావాలంటే గ్రావ్యూర్, ఫ్లెక్సో ముద్రణల వైపు చూడాలి. రెండూ నిమిషానికి పదుల మీటర్ల వేగాన్ని అందుకోగలవు. గ్రావ్యూర్‌లో సిలిండర్ మీద చెక్కిన చిన్న గుంతల నుంచి ఇంకు బదిలీ అవుతుంది. ప్రతి కొత్త నమూనాకూ కొత్త సిలిండర్ చెక్కించాలి కాబట్టి, డిజైన్ ఇంకా మారుతూ ఉన్న దశలో ఇది ఖరీదైన తొందరపాటు అవుతుంది. ఫ్లెక్సోలో మెత్తని పలక వాడతారు. అది చవక, కాని చురుకైన పాలిమర్ పొరకు, అంటే కాంతిని పీల్చుకునే దాత, గ్రహీత మిశ్రమపు పొరకు, వాడే ఆరోమాటిక్ ద్రావణుల్లో ఆ పలకలు ఉబ్బుతాయి. ఎలక్ట్రోడ్‌గా పనిచేసే వెండి గీతలు ముద్రించడానికి మాత్రం ఫ్లెక్సో చాలా అనుకూలం.

స్క్రీన్ ప్రింటింగ్ చిక్కని పేస్టు కోరుతుంది. పాలిమర్ ద్రావణాన్ని చిక్కబరచడానికి వేరే పదార్థం కలిపితే అది పొరలోనే మిగిలి విద్యుత్తుకు అడ్డు నిలుస్తుంది కాబట్టి చురుకైన పొరకు ఇది తగదు. ఎలక్ట్రోడ్‌కు మాత్రం బాగా తగుతుంది. ఇంక్‌జెట్‌లో వృథా లేదు, ఏ బొమ్మనైనా కంప్యూటర్‌లో మార్చి వెంటనే ముద్రించవచ్చు, కాని త్వరగా ఆరే ద్రావణి నాజిల్ మూతి దగ్గరే ఆరి దానిని మూసేస్తుంది. నెమ్మదిగా ఆరేది బొట్టు అంచున వలయాలుగా పేరుకుంటుంది. ఉపకరణాల మీద అమరే చిన్న, విభిన్న ఆకారాలకు దీనిని ఎంచుకోవచ్చు. స్ప్రే వంపు తిరిగిన ఉపరితలాలకు తప్ప నేను సిఫారసు చేయను.

మొత్తం మీద బల్ల మీద బ్లేడ్, చుట్ట మీద చురుకైన పొరకూ దాని ఇరువైపుల పొరలకూ స్లాట్-డై, వెండికి స్క్రీన్ లేదా ఫ్లెక్సో అన్న కలయికతో మొదలుపెట్టినవారికి దారి సుగమం. డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలలో ఫ్రెడరిక్ క్రెబ్స్ బృందం 2009 ప్రాంతంలో ప్రోసెస్‌వన్ పేరుతో, వాక్యూమ్ లేకుండా, సాధారణ గాలిలోనే ఘటాలను చుట్ట మీద తయారుచేసినప్పుడు స్లాట్-డై, స్క్రీన్ ప్రింటింగ్‌లనే జత చేసింది. దక్షత కొద్ది శాతాలకు మించకపోయినా, అప్పటివరకు ఎక్కువగా గ్లవ్‌బాక్స్‌ల్లో, అంటే గాలి చొరబడని పెట్టెల్లో, జరిగిన పనిని అది బయటికి తెచ్చింది.

ద్రావణి ఎంపిక

పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేవి క్లోరోఫామ్, క్లోరోబెంజీన్. మొదటిది 61 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద, రెండోది 132 డిగ్రీల వద్ద మరుగుతాయి. రెండూ పాలిమర్లను బాగా కరిగిస్తాయి, రెండూ ఆరోగ్యానికి హానికరం. పైన వేసిన లెక్క ప్రకారం చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల ద్రావణం అంటే వెయ్యి చదరపు మీటర్లకు 20 లీటర్ల ద్రావణి ఆవిరై గాలిలోకి చేరుతుంది. ప్రయోగశాలలో ఫ్యూమ్ హుడ్ దాచిపెట్టే ఈ సంగతి కర్మాగారంలో పొగగొట్టం, శుద్ధి యంత్రం, అనుమతులు అన్న రూపాల్లో ఎదురవుతుంది.

క్లోరిన్ వంటి హాలోజన్ లేని ద్రావణుల్లో నేను ముందుగా పరీక్షించమనేది ఆర్థో-జైలీన్‌ను. అది 144 డిగ్రీల వద్ద మరుగుతుంది. అంటే క్లోరోబెంజీన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆరే వేగంలో పెద్ద మార్పు రాదు. టోలీన్ 111 డిగ్రీల దగ్గర ఉండి ఇంకా త్వరగా ఆరుతుంది, కాని చాలా పాలిమర్లను అంత బాగా కరిగించదు. 80 డిగ్రీల వద్ద మరిగే 2-మిథైల్‌టెట్రాహైడ్రోఫ్యూరాన్‌ను మొక్కజొన్న కండెల వంటి వ్యవసాయ వ్యర్థాల నుంచి తయారుచేయవచ్చన్న ఆకర్షణ ఉంది. నిల్వ ఉంచితే పెరాక్సైడ్లు ఏర్పడతాయన్న హెచ్చరిక కూడా దానితోపాటే వస్తుంది. హాలోజన్ లేకపోవడమంటే ప్రమాదం లేకపోవడం కాదు. జైలీన్, టోలీన్ రెండూ మండే స్వభావం గలవే, పీల్చదగినవి కావు.

ద్రావణి మార్చినప్పుడు కరిగే గుణాన్ని గది ఉష్ణోగ్రత వద్ద మాత్రమే చూసి తీర్పు ఇవ్వకూడదు. కొత్త తరం పాలిమర్లలో చాలావరకు వేడి ద్రావణంలో విడివిడిగా ఉండి, చల్లబడే కొద్దీ ఒకదానికొకటి అంటుకుని చివరికి జెల్‌గా గడ్డకడతాయి. వాటికి పాత్ర, గొట్టం, స్లాట్-డై తల, ప్లాస్టిక్ అన్నింటినీ ఒకే వేడిలో ఉంచవలసి వస్తుంది. గొట్టంలో ఒక్క చల్లని చోటు ఉన్నా గడ్డ అక్కడే పుడుతుంది. రెండు పాలిమర్లు మిగతా విషయాల్లో సమానంగా ఉంటే, గది ఉష్ణోగ్రత వద్ద వారం రోజులు కదలకుండా ఉన్నా గడ్డకట్టని ఇంకు ఇచ్చేదానినే తీసుకోవాలి.

డైఅయోడోఆక్టేన్ వంటి సంకలితాల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినం. ద్రావణంలో ఒకటి రెండు శాతం కలిపితే పొర లోపలి నిర్మాణం మెరుగుపడి దక్షత పెరుగుతుంది, నిజమే. కాని అది చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. పొరలో మిగిలినది కాంతికి విచ్ఛిన్నమై పాలిమర్‌ను దెబ్బతీస్తుంది. ప్రయోగశాలలో రాత్రంతా వాక్యూమ్‌లో ఉంచి దానిని తొలగిస్తారు. నిమిషానికి 1 మీటరు వేగంతో నడిచే చుట్టకు 2 మీటర్ల పొయ్యి ఉంటే దొరికేది 2 నిమిషాలే. పది నిమిషాలు వేడిచేయాలనే పద్ధతికి ఇదే వేగంలో 10 మీటర్ల పొయ్యి, నిమిషానికి 10 మీటర్లకు పెంచితే 100 మీటర్ల పొయ్యి కావాలి. సంకలితం లేకుండా, వేడిచేయడం లేకుండా మంచి పొర ఇచ్చే జంట దొరికితే రెండు శాతం దక్షత వదులుకోవడానికి కూడా వెనుకాడనవసరం లేదు.

నీటి ఇంకుల గురించి ఒక మాట. పాలిమర్, గ్రహీత మిశ్రమాన్ని నానో కణాలుగా నీటిలో తేలియాడేలా చేసి పూయవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పాల్ దస్తూర్ బృందం ఈ దారిలో చాలాకాలం పనిచేసింది. విషపు ఆవిర్లు లేకపోవడం దీని గొప్పతనం. కణాలను నిలబెట్టడానికి వాడిన సబ్బు వంటి పదార్థాన్ని కడిగి తొలగించడం, ఆరాక కణాలను వేడితో కలిపి ఒకే పొరగా మార్చడం దీని కష్టాలు. కణాలు తయారుచేసే దశలో సాధారణంగా క్లోరోఫామే వాడతారన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయితే అక్కడ దానిని మూసిన పాత్రలో పట్టి తిరిగి వాడుకోవచ్చు.

పదార్థాల జంట

పీ3హెచ్‌టీ అనే పాలిమర్, పీసీబీఎం అనే ఫులరీన్ గ్రహీత కలిసిన జంట 2005 నాటికి సుమారు 4 నుంచి 5 శాతం ఇచ్చింది, తరువాత పెద్దగా పెరగలేదు. అయినా దానిని పాతదని కొట్టిపారేయడం పొరపాటు. పీ3హెచ్‌టీని కొద్ది రసాయన దశల్లో కిలోల లెక్కన తయారుచేయవచ్చు, పొర మందం మారినా అది పెద్దగా అలగదు, గాలిలో పూసినా తట్టుకుంటుంది. కొత్తగా కొన్న యంత్రాన్ని అర్థం చేసుకునే మొదటి నెలల్లో దీనికి సాటి వచ్చేది లేదు: ఘటం పనిచేయకపోతే లోపం పదార్థంలో కాక యంత్రంలోనే ఉందని తెలుస్తుంది.

2019లో చైనాలో యింగ్‌పింగ్ జౌ బృందం వై6 అనే ఫులరీన్ కాని గ్రహీతను ప్రకటించి, పీఎం6 పాలిమర్‌తో కలిపి 15.7 శాతం సాధించింది. ఆ కుటుంబపు ఘటాలు ఆ తరువాత ప్రయోగశాలలో 20 శాతం దగ్గరికి చేరాయి. ఉత్పత్తి కోసం చూసేవారు ఈ జంటలను విస్మరించలేరు. కాని పీఎం6 తయారీకి దశలు ఎక్కువ, ధర ఎక్కువ, ఒక విడతకూ మరో విడతకూ అణుభారం మారుతుంది. అణుభారం మారితే ద్రావణపు స్నిగ్ధత, అంటుకునే గుణం, ఆరే తీరు అన్నీ మారతాయి. సరఫరాదారును పోల్చేటప్పుడు ధరకన్నా ముందు మూడు వేర్వేరు విడతల నమూనాలు అడిగి, మూడింటినీ ఒకే అమరికతో పూసి చూడాలి.

దాత, గ్రహీత రెండూ పాలిమర్లే అయిన ఘటాలు మూడో దారి. చిన్న ఘటాల్లో ఇవి 17 శాతం దాటాయి. పొడవైన గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి వంచినా, సాగదీసినా పొర త్వరగా పగలదు. వేడికి గ్రహీత అణువులు కదిలి ముద్దకట్టే ప్రమాదం కూడా తక్కువ. బట్టలు, గుడారాల వంటి మడతపడే వస్తువుల మీద ఉపయోగానికి నేను వీటినే ముందు పరిశీలిస్తాను.

ఎలక్ట్రోడ్లు, పొరల క్రమం

సాంప్రదాయిక క్రమంలో కింద పారదర్శక ఎలక్ట్రోడ్, దానిపై పెడాట్-పీఎస్ఎస్ అనే వాహక పాలిమర్, తరువాత చురుకైన పొర, పైన అల్యూమినియం లేదా కాల్షియం ఉంటాయి. ఆ లోహాలు గాలికి త్వరగా ఆక్సీకరణ చెందుతాయి, వాటిని వాక్యూమ్‌లోనే వేయాలి. పెడాట్-పీఎస్ఎస్ ఆమ్ల గుణం కిందనున్న ఐటీఓను (పారదర్శక ఎలక్ట్రోడ్‌గా వాడే ఇండియం టిన్ ఆక్సైడ్‌ను) తినేస్తుంది. తలకిందుల క్రమంలో కింద జింక్ ఆక్సైడ్ వంటి పొర ఎలక్ట్రాన్లను, పైన పెడాట్ పొర, వెండి కలిసి ధన ఆవేశాలను సేకరిస్తాయి. అన్నింటినీ ద్రావణం నుంచే పూయవచ్చు. చుట్ట మీద తయారీకి తలకిందుల క్రమాన్నే ఎంచుకోవాలని చెప్పడానికి సందేహించనవసరం లేదు.

ఈ క్రమంలో రెండు చిక్కులున్నాయి. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు కాగా పాలిమర్ పొర ఉపరితల శక్తి అందులో సగం కూడా ఉండదు. కాబట్టి నీటి ఆధారిత పెడాట్-పీఎస్ఎస్ దాని మీద తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపడం, తడిపే సంకలితం చేర్చడం, ఉపరితలాన్ని క్లుప్తంగా ప్లాస్మాతో శుద్ధి చేయడం, ఈ మూడింటిలో మొదటిది ఘటానికి తక్కువ హాని చేస్తుంది. రెండోది, జింక్ ఆక్సైడ్ అతినీలలోహిత కాంతిలో ఉత్ప్రేరకంగా పనిచేసి, వై6 వంటి కొత్త గ్రహీతలను తాకిన చోట విచ్ఛిన్నం చేస్తుంది. అలాంటి గ్రహీతలు వాడేవారు టిన్ ఆక్సైడ్‌ను పోల్చి చూడాలి, లేదా అతినీలలోహిత కాంతిని ఆపే మూత పొరను తప్పనిసరి చేసుకోవాలి.

పారదర్శక ఎలక్ట్రోడ్ ఎంపికకు ఒక చిన్న లెక్క దారి చూపుతుంది. పట్టీ వెడల్పు పెరిగే కొద్దీ, పారదర్శక పొర నిరోధం వల్ల పోయే శక్తి భాగం ఆ వెడల్పు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గాజు మీది ఐటీఓ చదరానికి సుమారు 10 ఓములు ఉంటే, పెట్ ప్లాస్టిక్ మీది ఐటీఓ 50 ఓముల దగ్గర ఉంటుంది, ఎందుకంటే ఆ ప్లాస్టిక్‌ను ఐటీఓ కోరేంత వేడి చేయలేము. చదరపు సెంటీమీటరుకు 15 మిల్లీఆంపియర్లు, 0.7 వోల్టు వద్ద పనిచేసే ఘటంలో, 1 సెంటీమీటరు వెడల్పు పట్టీకి గాజు మీద 7 శాతం నష్టం వస్తే, ప్లాస్టిక్ మీద 36 శాతం వస్తుంది. పట్టీని అర సెంటీమీటరుకు తగ్గిస్తే ఆ నష్టం 9 శాతానికి దిగుతుంది. చిన్న గాజు ముక్క మీది దక్షత చుట్ట మీద ఎక్కడికి పోయిందని ఆశ్చర్యపడేవారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి.

ఐటీఓకు మరో రెండు దోషాలున్నాయి: వంచితే పగులుతుంది, వాక్యూమ్‌లో పూయాలి. ప్రోసెస్‌వన్ తరహా ఘటాల ధరలోనూ, తయారీకి పట్టే శక్తిలోనూ పెద్ద వాటా ఐటీఓ పూసిన ప్లాస్టిక్‌దే. క్రెబ్స్ బృందమే తరువాత ఐటీఓను వదిలి, ముద్రించిన వెండి జాలీ మీద పెడాట్ పూసిన ఎలక్ట్రోడ్‌కు మారింది. జాలీలో నీడ వల్ల కొన్ని శాతాల కాంతి పోతుంది, గీతల ఎత్తు పై పొరలను చీల్చే అవకాశం ఉంది. వెండి నానో తీగలు పారదర్శకతలోనూ వాహకతలోనూ జాలీ కంటే సొగసైనవి. కాని నిటారుగా లేచిన ఒక్క తీగ చాలు, పలుచని ఘటం షార్ట్ కావడానికి. చురుకైన పొర 300 నానోమీటర్లు ఉంచగలిగితే తీగలు, లేకపోతే ఐటీఓతోనే మొదలుపెట్టి తరువాత జాలీ వైపు వెళ్లడం మేలు. గది లోపల, దీపాల వెలుగులో పనిచేసే ఘటాలకు ఈ గొడవ చాలావరకు లేదు. అక్కడ ప్రవాహం అత్యల్పం కాబట్టి ఎలక్ట్రోడ్ నిరోధం పెద్దగా బాధించదు, లోపలి సన్నని లీకేజీ మార్గాలే అసలు శత్రువులు. ఆ వాడకానికి మందమైన పొర, శుభ్రమైన గది మీద డబ్బు పెట్టాలి.

పై ఎలక్ట్రోడ్‌కు వెండి పేస్టు వాడేటప్పుడు అందులోని ద్రావణి కింది పొరల్లోకి దిగకుండా పెడాట్ పొరను కాస్త మందంగా ఉంచాలి. కార్బన్ పేస్టు చవకైనదే, కాని దాని నిరోధం ఎక్కువ. గది లోపలి ఘటాలకు సరిపోతుంది.

పట్టీలను కలపడం

పట్టీలను వరుసగా కలిపే చోటు విద్యుత్తు ఇవ్వని చోటు. 5 మిల్లీమీటర్ల పట్టీల మధ్య ముద్రణతో 2 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే విస్తీర్ణంలో 71 శాతమే పనిచేస్తుంది. లేజర్‌తో గీసి దానిని 0.3 మిల్లీమీటర్లకు తగ్గిస్తే 94 శాతం పనిచేస్తుంది. లేజర్ ఖరీదు ఎక్కువైనా, కొత్త పాలిమర్ కోసం ఏళ్లు వెతికి తెచ్చే లాభాన్ని అది ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. ఒక్క షరతు: చుట్ట సాగడాన్ని, పక్కకు జరగడాన్ని కెమెరాతో సరిదిద్దుకునే వ్యవస్థ దానితోపాటు ఉండాలి.

మూత పొరలు, పరీక్షలు

దశలు పెరిగే కొద్దీ పాడయ్యేవి పెరుగుతాయి. ప్రతి దశలో 95 శాతం మంచివి వచ్చినా, ఆరు దశల తరువాత మిగిలేవి 73.5 శాతమే. అందుకే ఒక పొరను తగ్గించగలిగే ఏ మార్పునైనా, అది దక్షతను కొద్దిగా తగ్గించినా సరే, లెక్కలోకి తీసుకోవాలి.

చివరి దశ అయిన మూతలో చాలామంది పొదుపు చేయబోయి నష్టపోతారు. మామూలు ప్యాకింగ్ ప్లాస్టిక్ గుండా రోజుకు చదరపు మీటరుకు గ్రాముల్లో తేమ దాటుతుంది. ఈ ఘటాలకు అది గ్రాములో వెయ్యో వంతుకో అంతకన్నా తక్కువకో పరిమితం కావాలి. ఓఎల్ఈడీ తెరలు కోరే మిలియనో వంతు అవసరం లేదు కాబట్టి తెరల కోసం చేసిన అత్యంత ఖరీదైన పొరను కొనడం అనవసరం. తేమ ముఖభాగం కంటే అంచుల జిగురు గుండానే ఎక్కువగా చొరబడుతుంది. మధ్యస్థమైన మూత పొర, చుట్టూ 1 సెంటీమీటరు జిగురు అంచు అన్న ఎంపిక, గొప్ప మూత పొర, సన్నని అంచు అన్న ఎంపిక కంటే సాధారణంగా మేలైనది. జిగురులో, అతినీలలోహిత కాంతితో గట్టిపడే ఎపాక్సీ తేమను బాగా ఆపుతుంది, కాని వంగే వస్తువుల్లో అది చురుకైన పొరను పెడాట్ నుంచి ఊడదీయగలదు. తలకిందుల ఘటంలో అతి బలహీనమైన అతుకు తరచుగా అక్కడే ఉంటుంది. మెత్తని ఒత్తిడి జిగురు వంపును తట్టుకుంటుంది, తేమను అంతగా ఆపదు. వస్తువు వంగుతుందా, స్థిరంగా ఉంటుందా అన్నదే ఇక్కడ నిర్ణయిస్తుంది.

రెండు తయారీ పద్ధతులను మన్నికలో పోల్చేటప్పుడు 2011లో పరిశోధకులు కలిసి రూపొందించిన ఐసోస్ పరీక్షా విధానాలను అనుసరించాలి. చీకటిలో నిల్వ, దీపపు కాంతి, ఆరుబయట ఎండ అన్న విభాగాలు వాటిలో ఉన్నాయి. దక్షత మొదటి విలువలో 80 శాతానికి పడే సమయాన్ని నమోదు చేస్తారు. మొదటి గంటల్లో వేగంగా పడి తరువాత నిలకడపడే ఘటాలు చాలా ఉంటాయి కాబట్టి లెక్క ఏ క్షణం నుంచి మొదలైందో రాసుకోకపోతే రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టలేము. నమూనాలను చుట్టలో బాగా వచ్చిన చోటు నుంచి ఏరుకోకుండా, మొదట, మధ్య, చివర మూడు చోట్ల నుంచి సమానంగా కోయాలి. చివరి నమూనాలు మాత్రమే త్వరగా చచ్చిపోతే ఇంకు పాత్రలో పాతబడుతోందని, మొదటివి మాత్రమే చచ్చిపోతే స్లాట్-డై తల ఇంకా సమాన వేడికి రాకముందే పూత మొదలైందని, మూడూ ఒకేలా చచ్చిపోతే మూత పొర వైపు చూడాలని అనుమానించవచ్చు.